నేను చెరిపేసిన రెండో ప్రతి

ప్రమాదం వచ్చి పడిందని నాకు మొదట తెలిసిన క్షణం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. మధ్యాహ్నం మూడుంబావు. ఎదురుగా టెర్మినల్ తెర మీద ఆకుపచ్చ రంగులో ఒక అంకె. డిస్కులో ఇంకెంత జాగా మిగిలిందో చెప్పే అంకె అది. పొద్దుటి నుంచి అక్కర్లేని ఫైళ్ళు ఒక్కొక్కటే తీసేసుకుంటూ వచ్చి, చివరికి అన్నిటికంటే పెద్దదాన్ని పట్టుకుని చెరిపేసి, ఘనకార్యం చేసినదానిలా చేతులు దులుపుకుని ఆ అంకె వైపు చూశాను. అది కదల్లేదు. భోజనానికి ముందు ఎంత ఉందో అంతే ఉంది. బీరువాలోంచి పరుపంత మూట తీసి బయట పడేశాక కూడా బీరువా తలుపు మూతపడకపోతే మనిషికి ఎలా ఉంటుందో నాకలా ఉంది. సరిగ్గా అప్పుడే, భోజనం నుంచి వచ్చి పక్క టెర్మినల్ ముందు కూర్చున్న నా తోటి ఉద్యోగి, మేమంతా కార్వేటినగరం అక్క అని పిలిచే ఆమె గొంతు వినిపించింది. "పాపా, నా మార్కుల ఫైలు యాడికి పోయిందమ్మా? పేరుండాది, తెరిస్తే మాత్రం ల్యా అంటా ఉండాది."

ఇంటింటికీ ఒక కంప్యూటరు వస్తుందని ఎవరైనా అంటే మేం నవ్వుకునే కాలం అది. మా తిరుపతిలో ఒక విద్యాసంస్థలో (పేరెందుకులెండి, వాళ్ళు నన్ను బాగానే చూసుకున్నారు) ఒకే ఒక్క యంత్రం, దానికి తగిలించిన ఆరు టెర్మినళ్ళు, అన్నిటికీ కలిపి ఒక చల్లటి గది ఉండేవి. ఊరంతా ఎండకు వేగిపోతుంటే మేం మాత్రం చెంగు భుజాల చుట్టూ కప్పుకుని వణుకుతూ పనిచేసేవాళ్ళం. చెప్పులు బయటే విడవాలి. మా అటెండరు గడపకు దండం పెట్టుకుని మరీ లోపలికి వచ్చేవాడు. నేను బి.ఎస్సీ. చదివి, టైపు హయ్యరు పాసై, రెండేళ్ళు ఒక ఆఫీసులో టైపిస్టుగా చేసి, ఇద్దరు పిల్లలు పుట్టాక ఆ గదిలోకి వచ్చాను. మూడు వారాల శిక్షణ ఇచ్చారు. ఉద్యోగం తాత్కాలికం, ఆరు నెలలకోసారి పొడిగింపు కాగితం మీద మా పెద్దసారు సంతకం పెట్టాలి. ఆ సంతకం వచ్చే ఒకటో తారీఖున పడాల్సి ఉంది. మా ఆయన తడ చెక్‌పోస్టులో గుమాస్తా; శనివారం వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళ్ళిపోయేవారు. వారం మధ్యలో ఏ భయం వచ్చినా నా ఒక్కదానిదే. భయపడటంలో నాకు అప్పటికే మంచి అనుభవం ఉంది. పిల్లవాడు తుమ్మితే న్యుమోనియా అనుకునేదాన్ని, గేటు చప్పుడైతే టెలిగ్రాం అనుకునేదాన్ని. ఇలాంటి మనిషిని పట్టుకుని ఆ ఉదయం పెద్దసారు, "డిస్కు నిండిపోయిందమ్మా. రేపు మధ్యాహ్నం రిజల్ట్సు ప్రింటు తీయాలి, దానికి జాగా కావాలి. మీరంతా ఒకే ఫైలు రెండేసి చోట్ల పెట్టుకున్నారు. డబులున్నవన్నీ తీసెయ్యి" అని చెప్పి మీటింగుకు వెళ్ళిపోయారు.

ఇల్లు సర్దడం లాంటిదే కదా అనుకున్నాను. ఫైళ్ళ జాబితా తెర మీద వేసుకున్నాను. మార్కుల ఫైలు రెండు చోట్ల కనిపించింది: ఒకటి అందరం వాడుకునే ఉమ్మడి డైరెక్టరీలో, ఇంకొకటి అక్క సొంత డైరెక్టరీలో. (డైరెక్టరీ అంటే బీరువాలో అర లాంటిదని మాకు శిక్షణలో చెప్పారు.) అక్క అరలో ఉన్నదాని పక్కన 1 అని, ఉమ్మడి అరలో ఉన్నదాని పక్కన 2 అని ఉంది. అది చూడగానే నాలోని టైపిస్టు లేచి కూర్చుంది. పాత ఆఫీసులో ఏ ఉత్తరమైనా మధ్యలో కార్బన్లు పెట్టి మూడు ప్రతులు కొట్టేవాళ్ళం; మూలన పెన్సిలుతో 1, 2, 3 అని వేసేవాళ్ళం. 1 అంటే సంతకానికి వెళ్ళే అసలు ప్రతి, 2 అంటే కార్బను. కాబట్టి అక్క దగ్గరున్నది అసలు, ఉమ్మడి అరలోది నకలు. పైగా అక్క ఫైలు పేరు పక్కన ఒక బాణం గుర్తు ఉమ్మడి అర చిరునామా వైపు చూపిస్తోంది. ఉత్తరం అడుగున 'ప్రతి ఫలానా వారికి' అని రాస్తాం కదా, అలాంటిదే కాబోలు అని అదీ సరిపెట్టుకున్నాను. ఇంకో వరుసలో ఫైళ్ళ పరిమాణం ఉంది. అక్కదాని పక్కన ఇరవై చిల్లర, ఉమ్మడిదాని పక్కన లక్షల్లో అంకె. పెద్దదాన్ని తీస్తే జాగా ఎక్కువ వస్తుందని సంతోషించానే తప్ప, అసలు ప్రతి వేలెడంత, కార్బను ప్రతి బారెడంత ఎలా ఉంటాయని నన్ను నేను అడగలేదు. చెరిపెయ్యమని కొట్టాను. యంత్రం ఒక్క మాటైనా అనకుండా చెరిపేసింది.

అక్క నాకంటే పదేళ్ళు పెద్దది. ఆ మార్కులన్నీ రెండు నెలలుగా ఒక్కొక్క అంకే చూసుకుంటూ తన చేత్తో ఎక్కించింది. ఆమె మరోసారి తెరిచి చూసింది, ఇంకోసారి చూసింది. యంత్రం అలాంటి ఫైలు లేదనే అంది. "నేనే యాదో నొక్కేసినా పాపా," అంది అక్క. "అన్నం తిని వస్తానే నిద్రమత్తుతో కూసున్నా. ఈ చేతులిరిగిపోను, నేనే నొక్కేసినా." మీటింగు ముగించుకుని పెద్దసారు లోపలికి వచ్చే వేళకు ఆమె కళ్ళొత్తుకుంటోంది.

"టేపు మీదికి నకలు ఎప్పుడు తీశారు?" అన్నారు పెద్దసారు.

"పోయిన పక్షంలో సిస్టం సార్ తీసినాడు సార్."

"అంటే పదిహేను రోజుల పని హుళక్కి. రేపు మధ్యాహ్నం పిల్లలకు ఏం చూపించమంటావమ్మా, నీ ముఖమా?"

"దీన్ని సూసి వాళ్ళకేం లాభం సార్," అంది అక్క, ఏడుస్తూనే.

ఆయనకు నవ్వు రాలేదు. "రేపు పన్నెండులోగా ఆ ఫైలు లేకపోతే నీ మీద పైకి రాయక తప్పదు. నేను చెప్పలేదనొద్దు" అని వెళ్ళిపోయారు.

ఆ సమయంలో నేనేం చేశానో దాపరికం లేకుండా చెబుతాను. నోరు తెరిచాను. ఒకటో తారీఖు గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాను. తర్వాత వెళ్ళి కూజాలోంచి గ్లాసుడు మంచినీళ్ళు తెచ్చి అక్కకిచ్చాను. "నువ్వొక్కదానివే నాకు తోడు పాపా" అని ఆమె ఆ నీళ్ళు తాగింది. ఆ నీళ్ళ అవసరం నిజానికి నాకే ఎక్కువ ఉండింది.

ఈ చిక్కు విప్పగలిగినవాడు ఒక్కడే, మా సిస్టం సార్. యంత్రం బాగోగులన్నీ ఆయనవే. ఆయన అరలోకి తొంగి చూసే అధికారం మాలో ఎవరికీ లేదు. ఆయనేమో మేనకోడలి పెళ్ళని సెలవు పెట్టి ముందు రోజే చంద్రగిరికి వెళ్ళిపోయాడు. పెళ్ళి కార్డు మా నోటీసు బోర్డు మీదే ఉంది: మర్నాడు తెల్లవారి ముహూర్తం, ఈ సాయంత్రం విందు, బంధుమిత్ర సపరివారంగా రావలెను. ఐదు గంటలకు ఇంటికి పరుగెత్తి, ఎండాకాలం సెలవులని ఇల్లుగలామె దగ్గర వదిలి వచ్చిన పిల్లలిద్దరినీ తీసుకుని చంద్రగిరి బస్సెక్కాను. పెద్దవాడికి ఆరేళ్ళు, చిన్నదానికి నాలుగు. బస్సు కదలగానే వాడి ప్రశ్నలు మొదలయ్యాయి.

"పెండ్లికంటివే, చీర మార్చుకోలేదేమమ్మా?"

"ఇదే బాగుంది."

"మరి ఎందుకు ఏడుస్తా ఉండావు?"

"కిటికీలోంచి దుమ్ము పడింది. అక్కడ ఆఫీసు మాట ఎవరితోనూ ఎత్తొద్దు, తెలిసిందా?" (పిల్లలకు అబద్ధమాడకూడదని నేను చాలా పట్టుదలగా పెంచేదాన్ని.)

చంద్రగిరిలో దిగగానే బంకు గోడ మీద కాగితం కనిపించింది: 'పెళ్ళివారిల్లు', కింద నీలం సిరాతో లావుపాటి బాణం. ప్రాణం లేచొచ్చింది. బాణం చూపిన సందులోకి తిరిగాం. కరెంటు స్తంభం మీద ఇంకో బాణం. ప్రహరీ మీద మూడోది. మూడో బాణం ఒక ఇంటి ముందు ముగిసింది. ఆ ఇంటి గుమ్మానికి మామిడాకులు ఎండి వేలాడుతున్నాయి, అరటి బోదెలు కుళ్ళి పక్కకు వాలాయి, తలుపుకు తాళం వేసి ఉంది. అరుగు మీద ఒక ముసలాయన ఒంటరిగా విసనకర్రతో విసురుకుంటున్నాడు.

"ఎవురు గావల్లమ్మా?"

"పెళ్ళివారిల్లు ఇదేనా అండీ?"

"ఇదే. కానీ ఆ పెండ్లి అయిపోయి పది దినాలాయెనే. పిల్లను అంపేసినారు, అందురూ తిరువణ్ణామల గుడికి పోయినారు. ఆ బాణాలు మాత్రం ఎవురూ పీకలా. నిన్న గూడా ఇద్దురు గోడగడియారం ఎత్తుకోని వచ్చినారు."

"లడ్లు?" అంది మా చిన్నది.

"లడ్లు గూడా అయిపాయె తల్లీ," అన్నాడాయన, నిజంగా బాధపడుతూ. "కోట దావ పట్టుకోని పొండి. ఆడ ఎర్రసిరా బాణాలుండాయి. అయి కొత్తవి."

ఎర్ర బాణాలు మమ్మల్ని తిన్నగా పందిట్లోకి చేర్చాయి. సిస్టం సార్ పంచె ఎగ్గట్టి, నడుముకు తువ్వాలు బిగించి, సాంబారు బకెట్టుతో పంక్తి మధ్యలో నడుస్తున్నాడు. నన్ను చూడగానే ముఖం వెలిగిపోయింది. "ఆఫీసునుంచి ఎవురూ రాలేదే అనుకుంటా ఉండా! కూచోమ్మా, పిల్లోళ్ళను కూచోబెట్టు. ఈడ మూడు ఆకులెయ్యండప్పా!"

కూర్చోకుండానే చెప్పేశాను. "సార్, మార్కుల ఫైలు చెరిపేశాను."

గరిటె గాలిలో ఆగిపోయింది. "యాది? అక్కదా, ఉమ్మడిదా?"

"ఉమ్మడిది."

"అక్కది తెరిస్తే ఏమంటాది?"

"లేదంటోంది."

ఆయన బకెట్టు నేల మీద పెట్టాడు. "చెరిపినాక జాగా ఎంత పెరిగె?" అన్నాడు.

"అదే సార్ అర్థం కావడం లేదు. కొంచెం కూడా పెరగలేదు."

"నువ్వు చెరిపేటప్పుడు ఆ ఫైలును ఎవురైనా తెరిచి పెట్టుకోని ఉండినారా? బాగా గెవనం చేసుకోని చెప్పు. తెరిచి ఉంటే గూడా జాగా పెరగదు, వాళ్ళు మూసినాక పెరుగుతాది. అట్లయితే మనం మునిగినట్టే."

పెళ్ళి పందిట్లో, నాదస్వరం చెవుల్లో మోగుతుండగా, కళ్ళు మూసుకుని ఆ మధ్యాహ్నమంతా మళ్ళీ చూసుకున్నాను. "లేదు సార్. అక్క భోజనానికి పోతూ అన్నీ మూసేసి పోయింది. ఆమె వచ్చాక కూడా అంకె పెరగలేదు. నేను చెరిపేటప్పుడు గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను."

ఆయన బకెట్టు తిరిగి ఎత్తుకున్నాడు. "అయితే కూచోని సాంబారు పోసుకో. జాగా పెరగలేదంటే సరుకు లోపల్నే ఉండాది. నువ్వు పీకింది పేరును."

"పేరు పీకడమేంటి సార్?"

"సరుకు ఒక చోట ఉంటాదమ్మా. అరలో మనకు కనపడేది దాని పేరు. ఆ ఫైలుకు నేను ఇంగో పేరు పెట్టి నా అరలో దాచినా, ఇట్లాంటిది ఎప్పుడో ఒగసారి జరుగుతాదని. అది ఇంగా ఉండాదో, అదీ పోయిందో అనే జాగా సంగతి అడిగినా. కాపీ తీస్తే డిస్కు సాలదు, పేరుకైతే జాగా పట్టదు గదా. జాబితాలో దాని పక్కన రెండని ఉంటాదే, అది రెండు పేర్లుండాయని. నువ్వు ఒగటి పీకినావు, ఒగటి మిగిలింది. ఉండే పేర్లన్నీ పీకేస్తేనే సరుకు పొయ్యేది. దీన్ని హార్డ్ లింకంటారు."

"మరి అక్క అరలో ఉన్నది?"

"అది సింబాలిక్ లింకు. దాంట్లో సరుకేం ల్యా. ఫలానా అరకు పో, ఫలానా పేరును అడుగు అని రాసిన చీటీ, అంతే. అందుకే అది అంత చిన్నది. నువ్వు ఆడుండే పేరు పీకేస్తివి. చీటీ మాత్రం ఇంగా ఆ పక్కకే చెయ్యి సూపిస్తా ఉండాది."

"మనం ఇందాక పోయినామే, తాత ఇల్లు, అట్లనా?" అన్నాడు మా పెద్దవాడు, నోటి నిండా బూరె పెట్టుకుని.

తాత ఇల్లేమిటో నేను చెప్పాక సిస్టం సార్ బకెట్టు పక్కనున్నాయన చేతికిచ్చేసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. మూడు వారాల శిక్షణలో నా తలకెక్కని సంగతి ఆరేళ్ళ వాడికి ఒక బూరె తినేలోగా ఎక్కిందని నాకు కాస్త చిన్నతనంగానే అనిపించింది. నా ముఖం చూసి ఆయన ఇంకాస్త వివరించబోయాడు. పక్కనే కుర్చీలో కూర్చుని గోరింటాకు చేతులు ఆరబెట్టుకుంటున్న పెళ్ళికూతుర్ని చూపించాడు. "ఇంగా అర్థం కాకపోతే మా పాపను సూడు. ఇస్కూల్లో పద్మావతి, ఇంట్లో బుజ్జమ్మ. కానీ అత్తగారి పేరు గూడా పద్మావతే అయిపాయె. తల్లి పేరు పెట్టి పెండ్లాన్ని ఎట్ల పిలుస్తాడు అల్లుడు? అందుకని రేపట్నుంచి అలమేలు. ఒగ పేరు పాయె, ఒగ పేరు వచ్చె. పిల్ల మాత్రం అదే పిల్ల గదా?"

"నాకు ఏ పేరు గావల్లో నన్ను ఎవురూ అడగలేదు మామా," అంది పెళ్ళికూతురు, చేతుల మీంచి కళ్ళెత్తకుండానే.

ఆ మాటకు జవాబు యంత్రం సంగతులు చెప్పే పుస్తకాల్లో ఉండి ఉండదు. సిస్టం సార్ నా వైపు తిరిగాడు. "మేనమామను గదమ్మా, బుట్టలో కూచోబెట్టి పీటల మీదికి తెచ్చేది నేనే. తలంబ్రాలు కానిచ్చి పదకొండుకంతా వస్తా. ఒగ లైను కొడితే సాలు, పోయిన పేరు మళ్ళా వస్తాది. మెషీన్లో యాదో చిక్కని నేను చెప్తాలే. నీ పేరు బయటికి రాదు."

అరగంట ముందు ఆ మాట కోసం నేను ఏడుకొండలూ మోకాళ్ళ మీద ఎక్కుతానని మొక్కుకునేదాన్ని. తిరుగు బస్సులో పిల్లలిద్దరూ లడ్లు చేతిలో పట్టుకుని చెరో భుజం మీద నిద్రపోయారు. రిజల్ట్సు వస్తాయి, ఉద్యోగం ఉంటుంది, ఎవరికీ ఏమీ తెలియదు. అయినా ఊపిరి తేలిగ్గా ఆడలేదు. మెషీన్లో చిక్కని సార్ ఎంత చెప్పినా అక్క నమ్మదు. తన చేతులే ఏదో నొక్కాయని ఆమె అప్పటికే తీర్పు చెప్పేసుకుంది.

ఫైలు సంగతి ముందుగా ముగిస్తాను. సిస్టం సార్ మర్నాడు పదకొండింటికి మెడకు గంధం, తలలో అక్షింతలు, పసుపు పంచెతోనే చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. ఒక్క లైను కొట్టాడు. ఉమ్మడి అరలోకి పాత పేరు తిరిగొచ్చింది. అక్క చీటీకి మళ్ళీ దారి దొరికింది. ఒక్క మార్కు కూడా పోలేదు. మధ్యాహ్నం, నేను ముందు రోజు తీసేసిన చిన్నాచితకా ఫైళ్ళ జాగాతోనే, ప్రింటరు గరగరమంటూ రిజల్ట్సు కక్కింది. (ఇంతకీ డిస్కులో జాగా తినేస్తున్నది పెద్దసారు సొంత అరలోని జాతకాలు. బంధువుల పిల్లలందరికీ ఆయన తీరిక వేళల్లో యంత్రం మీద చక్రాలు వేయించి దాచుకున్నారు. వాటిని మాత్రం ఎవరూ డబులనలేదు.) నా పొడిగింపు కాగితం ఆరు నెలలకు కాకుండా మూడు నెలలకే వచ్చింది, హెచ్చరికతో సహా. అక్క నాతో ఐదు రోజులు మాట్లాడలేదు. ఆరో రోజు నా టెర్మినల్ పక్కన చిత్రాన్నం డబ్బా పెట్టి, "నీళ్ళు తెచ్చిచ్చినావు సూడు పాపా, అది మాత్రం నేను సచ్చినా మర్సిపోను" అంది. అది మెచ్చుకోలో తిట్టో నాకు ఇప్పటికీ తేలలేదు.

పొడిగింపు తగ్గడానికీ అక్క అలగడానికీ కారణం సిస్టం సార్ మాట తప్పడం కాదు. ఆయన ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆయన వచ్చేసరికే అనడానికేమీ మిగల్లేదు. ఆ ఉదయం ఎనిమిది గంటలకు, జడ కూడా సరిగ్గా వేసుకోకుండా మా ఇంటి గడపలో నిలబడిన ఆనాటి నన్ను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది. పిల్లలిద్దరూ అరుగు మీద కూర్చుని నిన్నటి లడ్లు తింటున్నారు. చీమ కుట్టినా వణికిపోయే ఆవిడకు ఆ పూట ఆ ధైర్యం ఎక్కడిదో నాకు తెలియదు. మళ్ళీ ఎన్నడూ అంత ధైర్యం రాలేదు కూడా.

"ఆ సార్ ఎవురికీ చెప్పనన్నాడు గదమ్మా," అన్నాడు పెద్దవాడు. బస్సులో నిద్రపోయాడు గానీ, అంతకుముందు పందిట్లో మాత్రం వాడు అన్నీ విన్నాడు. "మరి ఇంత పొద్దున్నే ఎందుకు పోతా ఉండావు?"

"చెరిపింది నేనని అక్కకూ పెద్దసారుకూ చెప్పడానికి."

"పదకొండుకు ఆ సార్ వచ్చి ఫైలు తెచ్చిస్తాడు గదా, అప్పుడు చెప్పకూడదా?"

వాడి మూతికంటిన నెయ్యి చెంగుతో తుడిచాను. "ఫైలు వచ్చేసినాక చెప్పడం సులువురా," అన్నాను. "అందుకే ముందే పోతా ఉండా. చెల్లెల్ని చూసుకో."